కడుపులో నీళ్ళకు బరువు లేదు

యాత్ర బస్సులో వంటచేసే పెద్దతల్లి పూరీకి ఎన్నిసార్లు వెళ్ళిందో ఆ జగన్నాథుడికే తెలియాలి. గుడి లోపలికి మాత్రం ఒక్కసారీ వెళ్ళలేదు. పూరీలో ఆమెకు తెలిసినవి మూడే. బస్సులు ఆపే మైదానం, దాని మూలన ఉన్న కొళాయి, ఆ కొళాయి దగ్గర కాపలా ఉండే తెల్లావు. వీళ్ళ బస్సు ఇంకా భువనేశ్వరం దాటకముందే ఆ ఆవు లేచి నిలబడుతుందనీ, పెద్దతల్లి తరిగే వంకాయల తొడిమల వాసన దానికి అంత దూరం నుంచీ తగులుతుందనీ బస్సులో వాళ్ళు చెప్పుకుంటారు. కాశీ అంటే ఆమెకు ఒక వంతెన కింద నీడ. గంగాసాగరం అంటే గాలికి ఆరిపోయే పొయ్యి. జనం దర్శనానికి వెళ్ళేసరికి ఆమె ఎసరు పెడుతుంది. జనం తిరిగొచ్చేసరికి అన్నం వారుస్తుంది. వాళ్ళు తిని కునుకు తీస్తుంటే గుండిగలు తోముకుంటుంది. బస్సు కదిలాక వెనక సీటులో బియ్యం బస్తాకీ గ్యాసు బండకీ మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. కిటికీలోంచి చూద్దామనుకుంటుంది గానీ అప్పటికి కళ్ళు మూతపడిపోతాయి.

కవిటి దగ్గర కొబ్బరితోటల మధ్య ఒక ఊరు ఆమెది. కొత్త కోడలిగా ఉన్నప్పుడు పలాసలో జీడిపిక్కలు ఒలిచింది. ఆ నూనెకు వేళ్ళు నల్లబడ్డాయి తప్ప ఇల్లు తెల్లబడలేదు. మొగుడు కిడ్నీల జబ్బుతో పోయాక, పెళ్ళిళ్ళ వంటల్లో కూరలు తరగడానికి వెళ్ళింది. తరగడం నుంచి తాలింపుకీ, తాలింపు నుంచి గుండిగకీ ఎదిగింది. ఆమె పనసపొట్టు కూర మూత టెక్కలిలో తీస్తే నిమ్మాడలో ఆకులు వేసుకుని కూర్చుంటారని పేరు. ఆ పేరు విని టెక్కలి తిరుమలరావు, యాత్ర బస్సు పెట్టిన రోజునే ఆమెను వెనక సీటు ఎక్కించాడు. అప్పటి నుంచి ఆమె దేశం తిరుగుతూనే ఉంది. దేశమే ఆమెకు కనబడలేదు.

ఆమె బస్సుకు ఒక కట్టుబాటు ఉంది. బయట నీళ్ళు ఎవరూ తాగకూడదు. కిడ్నీల జబ్బుకు నీళ్ళే కారణమనుకునే ఉద్దానం మనిషికి నీళ్ళంటే ఉండే భయం వేరు. పామునైనా దగ్గరకెళ్ళి చూస్తాడు గానీ తెలియని ఊరి గ్లాసు పట్టుకోడు. పెద్దతల్లికి ఆ భయం ఇంటిలోనే కూర్చుని ఉంది. అందుకే బయలుదేరే ముందు ఊరి ప్లాంటులో నీళ్ళు పట్టించి, ఇరవై లీటర్ల టిన్నులు బస్సు టాపు నిండా కట్టిస్తుంది. ఇచ్ఛాపురం దాటాక చెక్‌పోస్టులో ఒకసారి, ఇది బస్సా ట్యాంకరా అని అడిగి, నీళ్ళు అమ్ముకోవడానికి లైసెన్సు చూపించమన్నారట. అన్నం ఆ నీళ్ళతోనే, చారు ఆ నీళ్ళతోనే. ఎవరైనా దారిలో చెరకురసం తాగినట్టు తెలిస్తే ఆ పూట వాళ్ళకు కూర వడ్డించేటప్పుడు గరిటె కాస్త తక్కువ వంగుతుంది.

ఈ శీతాకాలం తిరుమలరావు ఒడిశా యాత్రలో కొత్తగా ఒక చోటు కలిపాడు. భితరకనిక జాతీయ పార్కు. నది సముద్రంలో కలిసే ముందు వందపాయలై, పాయకీ పాయకీ మధ్య లంకలు మిగిలి, ఆ లంకల మీద మడచెట్లు పెరిగి, ఒడ్డున మొసళ్ళు పడుకునే చోటు. గుడి లేదు, గంట లేదు. దేవుళ్ళను చూసి చూసి అలిసిపోయారు, ఒక పూట జంతువులను చూడండి అన్నాడు. తరవాత, బస్సంతా అప్ప అని, అంటే అక్క అని పిలిచే పెద్దతల్లి దగ్గరకొచ్చి ఇంకో మాట చెప్పాడు.

"అప్పా, అక్కడ పొయ్యి ఎలిగించడానికి నేదు. అడివి గదా. పొద్దున్నే పులిహోర కలిపీసి పొట్లాలు కట్టీ. మజ్జానం నీకు పని నేదు."

పెద్దతల్లి గరిటె పక్కన పెట్టింది. పని లేని మధ్యాహ్నం అనే మాట ఆమె ఎప్పుడూ విననిది.

"అయితే నానూ పడవెక్కుతాను బాబూ."

"ఎండలో నీకెందుకప్పా. మోకాళ్ళు నొప్పంతన్నావు. బస్సులో హాయిగా తొంగో."

"తొంగోడం ఇంటికాడా ఉంది. మొసలి ఇంటికాడ నేదు గదా. ఇన్నాళ్ళూ మీ ఎనకాల తిరిగినాను. ఒక్కటైనా నా కళ్ళతో సూసి ఇంటికెల్తాను."

వచ్చే ఏడు రాగలనో లేదో అన్న సంగతి ఆమె పైకి చెప్పలేదు. తెల్లారి లేచేటప్పుడు బస్సు కడ్డీ పట్టుకుని ఆమె ఎంతసేపు నిలబడుతోందో చూసిన తిరుమలరావు కూడా అడగలేదు. సరే, ఎక్కుదువు అన్నాడు.

ఆ రోజు ఆమె అందరికంటే ముందు రేవులో దిగింది. నది నిండుగా ఉంది. వంశధారకు వరదొస్తే ఎలా ఉంటుందో అది ఊరికే అలా ఉంది. పొడుగాటి చెక్క పడవ, పైన రేకు, వెనక ఇంజను. పెద్దతల్లి పడవలోకి కుడికాలు పెట్టి, అంచున ఉన్న బల్ల మీద, నీళ్ళు బాగా కనబడేచోట కూర్చుంది. పులిహోర పొట్లాలు ఎక్కాయి. జనం ఎక్కారు. చివరికి మగవాళ్ళు నీళ్ళ టిన్నులు భుజాన వేసుకుని వచ్చారు.

పడవ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. నడివయసువాడు, ఒడియా తప్ప ఇంకోటి రాదు. పడవకు ఇంత బరువని రాసి ఉంది. ఇప్పటికే నిండింది. ఈ టిన్నులు ఎక్కాలంటే ఒక మనిషి దిగాలి. మనిషి ఉండాలంటే టిన్నులు దిగాలి. దారిలో అటవీశాఖ వాళ్ళ శిబిరంలో తాగేనీళ్ళు ఉన్నాయి, ఇవెందుకు మోస్తున్నారు అని అడిగాడు.

కవిటి వైపు వాళ్ళకు ఒడియా అర్థమౌతుంది కాబట్టి ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేకపోయింది. అందరూ ముందు టిన్నుల వైపు చూశారు. తరవాత, చూడకూడదనుకుంటూనే, పెద్దతల్లి వైపు చూశారు. మిగతావాళ్ళు డబ్బు కట్టి వచ్చినవాళ్ళు. ఆమె పనికి వచ్చిన మనిషి. పైగా ఆ టిన్నుల కట్టుబాటు ఆమెదే.

పెద్దతల్లి బల్ల పట్టుకుని లేచింది. "సరే లెండి. నీళ్ళు నేకుండా ఎల్లడానికి నేదు. నాను బస్సుకాడ ఉంతాను."

"కూకో అప్పా," అంది గౌరీశ్వరి. ఆమె కంచిలిలో కొబ్బరికాయల బేరం చేసే పోలారావు పెళ్ళాం. ప్రతి యాత్రకూ వస్తుంది, ప్రతి పూటా పెద్దతల్లి పక్కన కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంది. "నువ్వు దిగితే నానూ దిగుతాను. అప్పుడు మా ఆయన కబుర్లు ఎవులింటారో సూద్దుం."

తిరుమలరావు తల గోక్కున్నాడు. టిన్నులు వదిలేద్దామంటే సగంమంది మొహాలు వాడిపోయాయి. మూడు గంటల ప్రయాణం, పులిహోర తిన్న నోరు, ఎండ. అప్పుడు పోలారావు లేచాడు. పోలారావు లేచాడంటే బస్సులో నిద్రపోయేవాళ్ళు కూడా లేస్తారు. కొబ్బరికాయ చెట్టు మీద ఉండగానే లోపల నీళ్ళెన్నో చెప్పేస్తానని కోతలు కోసే మనిషి.

"ఒరే తిరుమలా, ఇలగ సూడు. నీళ్ళు టిన్నులో ఉంటే బరువు. అవే నీళ్ళు కడుపులో ఉంటే ఎవుడికి బరువు? ఈయన టిన్నులు లెక్కెడతాడు గానీ కడుపులు లెక్కెట్టడు గదా. మూడు గంటలకి సరిపడా ఇప్పుడే తాగీసి ఎక్కుదుం. అప్పా, నువ్వు కదలకు."

"పెళ్ళయ్యాక మొదటిసారి ఈయన బుర్ర పనిసేసింది," అంది గౌరీశ్వరి.

ఇక అక్కడ జరిగింది చూసి ఆ రేవు ఇప్పటికీ నవ్వుకుంటూ ఉండాలి. పడవ దిగి గట్టు మీద వరసగా నిలబడి, అందరూ తాగడం మొదలెట్టారు. మొదటి గ్లాసు దాహానికి, రెండోది ముందుచూపుకి, మూడోది పెద్దతల్లి కోసం. నాలుగో గ్లాసుకి పందెం వచ్చింది. కవిటి వాళ్ళు తాగినంత కంచిలి వాళ్ళు తాగలేరని ఎవరో అన్నారు. ఆ మాటతో టిన్ను మూతి గ్లాసు దాకా రావడం మానేసి, మనుషులే టిన్ను దాకా వెళ్ళారు. పోలారావు టిన్ను ఎత్తిపట్టి తాగుతుంటే గొంతులో కాలవ వదిలిన చప్పుడు వచ్చింది. నదిలో మట్టం అంగుళం తగ్గిందని, అది చూసి మొసళ్ళు కంగారుపడ్డాయని తరవాత చెప్పుకున్నారు. పడవ మనిషి చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నది దగ్గరకు నీళ్ళు మోసుకొచ్చి, ఒడ్డున నిలబడి తాగేసి, ఖాళీ టిన్నులు అక్కడే పేర్చి పడవెక్కిన మనుషులు ఆయనకు అదే మొదలు.

"అప్పా, నువ్వూ ఒక గలాసు తాగు," అని గౌరీశ్వరి అందించింది.

"నాకొద్దులే."

పెద్దతల్లి పగటిపూట నీళ్ళు తాగదు. ఇది బస్సులో చాలామందికి తెలియదు. రోడ్డు పక్క పొయ్యి పెట్టుకున్న ఆడమనిషికి పొయ్యి వదిలి పక్కకు వెళ్ళే వీలుండదు, వెళ్ళడానికి చోటూ ఉండదు. అందుకని పొద్దున ఒక చెంబు, రాత్రి పడుకునేముందు ఒక చెంబు. మధ్యలో నోరు ఎండితే ఉసిరిక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటుంది. అలా అలవాటైపోయింది.

పడవ కదిలింది. మొదటి అరగంట అంతా బాగుంది. రెండు పక్కలా మడచెట్లు, వాటి కింద బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు. ఒక పాయ తిరిగితే ఇంకో పాయ, ఒక లంక దాటితే ఇంకో లంక. పోలారావు తన తాత మహేంద్రతనయలో మొసలి మీద కూర్చుని అవతలి ఒడ్డుకు పెళ్ళిచూపులకు వెళ్ళిన కథ ఎత్తుకున్నాడు. మొసలి సగం దూరంలో ఆగి కట్నం ఎంతని అడిగే చోటుకు వచ్చేసరికి గౌరీశ్వరి అతని భుజం మీద కొట్టింది.

"నవ్వించకు."

"ఏటయ్యింది?"

"నవ్వించకు అంతన్నాను గదా."

అతను ఆమె మొహం చూశాడు. తరవాత చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదు. పడవ నిండా మనుషులు మోకాళ్ళు దగ్గరపెట్టుకుని, దేవుడి గదిలో కూర్చున్నంత బుద్ధిగా కూర్చున్నారు. ఆ క్షణంలో అతనికీ తెలిసింది. కథ అక్కడే ఆగిపోయింది. మొసలి మీద తాత నది మధ్యలో ఉండిపోయాడు.

పడవ మనిషి ఒడ్డున దుప్పుల గుంపు చూపించాడు. ఎవరూ దుప్పులను చూడలేదు. దుప్పుల వెనక పొద ఎంత చాటుగా ఉందో చూశారు. కొంగలను చూపించాడు. కొంగలు నిలబడిన దిబ్బ మీద కాలు పెట్టే చోటుందా అని చూశారు. కాసేపటికి కూర్చోవడం కూడా కష్టమై ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అంచున కూర్చున్న పెద్దతల్లికి ముందు, పక్కన, అంతా చీరలూ చొక్కాలే అయిపోయాయి. వాటి సందుల్లోంచి చూస్తే రేకు కనబడింది.

"బాబూ, ఆ దిబ్బకాడ రెండు నిమిషాలు ఆపుతావేటి," అని పోలారావు వచ్చిన ఒడియాలో అడిగాడు. పడవ మనిషి తల అడ్డంగా ఊపాడు. దిబ్బ మీద బురదలో, నీళ్ళలోకి జారిన వెడల్పాటి జాడ వేలితో చూపించాడు. పోలారావు ఆ జాడ పొడుగు చూసి, ఇంకా కొంతసేపు ఓర్చుకోగలనని తేల్చుకున్నాడు.

చివరికి అందరూ తిరిగింది పెద్దతల్లి వైపే. బస్సులో జ్వరమొచ్చినా ఆమెనే అడుగుతారు, కడుపునొప్పి వచ్చినా ఆమెనే అడుగుతారు.

"అప్పా, ఏదో ఒకటి సెయ్యి," అంది గౌరీశ్వరి, పళ్ళ బిగువున.

పెద్దతల్లి జనాన్ని తప్పించుకుంటూ ఇంజను దగ్గరకెళ్ళింది. పడవ మనిషితో తన ఒడియాలో సంగతి చెప్పింది. ఆయన నవ్వు ఆపుకున్నాడు. శిబిరంలో మరుగుదొడ్డి ఉంది, ఇప్పుడే తిప్పితే పావుగంటలో చేరతాం. కానీ ఆటుపోట్ల నీళ్ళు. ఇప్పుడు అటు తిరిగితే మళ్ళీ లోపలి పాయల్లోకి పోవడానికి లోతు ఉండదు. పక్షుల లంక, మొసళ్ళ మలుపు ఇంక చూడలేరు. ఏం చెయ్యమంటావు అని ఆమెనే అడిగాడు.

పెద్దతల్లి ముందున్న పాయ వైపు చూసింది. అక్కడ చెట్లు రెండు వైపుల నుంచీ వంగి, నీళ్ళు పచ్చగా, చల్లగా ఉన్నాయి. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపింది దాని కోసమే.

"తిప్పీ బాబూ," అంది.

శిబిరం రేవులో పడవ ఆగీ ఆగకముందే జనం దిగారు. దిగారనడం కూడా తప్పే. నిమ్మాడ నుంచి వచ్చిన ముసలాయన ఒకడు, మెట్లెక్కడానికి ఇద్దరు పట్టుకోవలసినవాడు, అందరికంటే ముందు పరిగెత్తాడు. మరుగుదొడ్డి ఒకటే. దాని ముందు వరస గట్టు దాకా వచ్చింది. మగవాళ్ళను తరవాత రమ్మని ఆడవాళ్ళు తరిమేశారు. ఆ వరసలో తిరుమలరావు, యజమానినన్న సంగతి మరిచిపోయి, అందరి వెనక నిలబడ్డాడు.

నీళ్ళు తగ్గి రేవు మెట్లు ఎత్తయ్యాయి. పెద్దతల్లి మోకాళ్ళు వాటిని చూసే ఒప్పుకోలేదు. ఆమెకు దిగవలసిన పనీ లేదు. పడవ మనిషి రేవు దగ్గర ఇంకో పడవకు చోటిచ్చి, తన పడవను కాస్త దూరంలో ఉన్న చిన్న మలుపులోకి తీసుకెళ్ళి ఇంజను ఆపాడు.

ఇంజను ఆగాక ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఎక్కడో ఏదో లోటుగా అనిపించింది. కాసేపటికి తెలిసింది, చప్పుడు లేదు. గుండిగ మీద గరిటె లేదు, బస్సు లేదు, అప్పా అని పిలిచే గొంతు లేదు. ఖాళీ బల్ల మీద కాళ్ళు చాపుకుంది. ఎదురుగా చెట్టు నిండా కొంగలు. పచ్చటి ఆకు మీద అన్నం గుమ్మరించినట్టు ఉన్నాయి. వాటి కింద బురదగట్టు. గట్టు మీద ఒక దుంగ.

పడవ మనిషి ఆ దుంగను చూపించి తల ఊపాడు.

ఆమె చాలాసేపు చూశాక గానీ దానికి కళ్ళు కనబడలేదు. అడుగంటిన గుండిగ అడుగులా ఉంది దాని వీపు, పెచ్చులు పెచ్చులుగా, ఎంత రుద్దినా పోని నలుపు. నోరు తెరిచి ఉంది. ఏదో తినడానికి కాదు, ఊరికే తెరిచి ఉంది. కాలు ఒకటి పక్కకు వదిలేసి, అది తనది కానట్టు పడుకుంది. ఒక కొంగ దాని ముందు నుంచి నడిచి వెళ్ళింది. అది కన్ను కూడా తిప్పలేదు.

పడవ మనిషి బల్ల కింద నుంచి ఫ్లాస్కు తీసి, రెండు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి ఆమెకిచ్చాడు.

పెద్దతల్లి గ్లాసు పట్టుకుని లోపలికి చూసింది. ఏ నీళ్ళతో కాచాడో, ఏ బావివో, ఏ కొళాయివో. అడగాలని నోటిదాకా వచ్చింది. పాతికేళ్ళ కింద తన ఇంటి కుండలో నీళ్ళు చల్లగా, తియ్యగా ఉండేవి, అవి ఎలాంటివని మొగుడు మంచం పట్టేదాకా ఎవరూ అడగలేదు. పడవ మనిషి తన గ్లాసు ఊదుకుంటూ మొసలినే చూస్తున్నాడు. ఆమెకు ఒకరు కాచి ఇచ్చిన టీ తాగి ఎన్నాళ్ళైందో గుర్తు రాలేదు. తాగింది. చక్కెర ఎక్కువ, అల్లం లేదు. తానైతే ఇలా కాయదు. అయినా అడుగు దాకా తాగింది.

జనం ఒక్కొక్కరే తిరిగొచ్చారు. మొహాలు తేటపడ్డాయి గానీ మాటలు పెద్దగా లేవు. పడవ మళ్ళీ రేవుకు వచ్చేసరికి నీళ్ళు ఇంకా జారాయి. ఇంక తిన్నగా వెనక్కే అన్నాడు పడవ మనిషి. మలుపు దగ్గర అందరూ లేచి చూశారు. బురదగట్టు ఖాళీగా ఉంది.

"ఇక్కడేనా అప్పా?"

"ఇక్కడే."

"ఎంతుంది?"

"ఉంది."

"పడవంతా నీళ్ళు తాగి నిన్ను ఎక్కించింది మేము," అన్నాడు పోలారావు. "సూసింది నువ్వొక్కర్తివి. ఇదెక్కడి నాయం అప్పా."

"నిన్నెవులు ఆపీసినారు. నువ్వూ తాగకుండా ఉండవలిసింది," అంది గౌరీశ్వరి. పడవలో అప్పుడు గానీ నవ్వు రాలేదు.

సాయంత్రం బస్సు జాజ్‌పూరు దారి పట్టింది. పొద్దు గుంకుతుండగా ఒక పెట్రోలు బంకు దగ్గర ఖాళీ చోటు చూసి తిరుమలరావు వెనక్కి వచ్చాడు. ఆమె ఎప్పుడూ ఇలాంటి చోటే అడుగుతుంది. నేల చదునుగా ఉంది, గాలికి గోడ అడ్డు ఉంది.

"ఆపుదుమా అప్పా? పొయ్యెట్టుకుందువు."

పెద్దతల్లి బియ్యం బస్తా మీద కాళ్ళు పెట్టుకుని ఉంది. తీయలేదు.

"ఈ పూట పొయ్యి నేదు బాబూ. ఆ సంచీలో అటుకులున్నాయి, బెల్లముంది. కొబ్బరికాయలు పోలారావుని కొట్టమను. ఎవులిది ఆలే తీసుకుని తినండి."

ఈ బస్సులో ఇన్నేళ్ళలో అన్నం లేని రాత్రి లేదు. డబ్బు కట్టినవాళ్ళు ఏమంటారో అని తిరుమలరావు బస్సంతా ఒకసారి చూశాడు. గౌరీశ్వరి లేచి సంచి విప్పింది. మొదటి దోసిలి తెచ్చి పెద్దతల్లి ఒళ్ళో పోసి, పక్కన చిన్న బెల్లం ముక్క పెట్టింది. పోలారావు కొబ్బరికాయలు కొడుతూనే ముందు సీట్ల వాళ్ళకు మొసలి సంగతి చెబుతున్నాడు. అప్పటికే అది రెండు లంకల మీద పడుకుని, మధ్య పాయకు వంతెన అయ్యింది.

"అప్పా, నువ్వే సాచ్చీకం. మన బస్సంత నేదూ?"

పెద్దతల్లి అటుకులు నమిలి మింగింది. "బస్సంత నేదు. నోరు మటుకు నీ నోరంత ఉంది. తెరిస్తే ముయ్యలేదు."

బస్సు కదిలింది. ముందు సీట్లలో నవ్వు, వాదన సాగుతూనే ఉన్నాయి. గౌరీశ్వరి అక్కడే గ్యాసు బండ మీద కూర్చుని, కాస్త ముందుకు వంగింది.

"నిజంగా ఎలగుంది అప్పా? నాకొక్కర్తికే సెప్పు."

పెద్దతల్లి కిటికీకి తల ఆనించింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. చెప్పడానికి చాలా ఉన్నట్టుంది, ఓపిక కొంచెమే ఉంది.

"ఎండలో తొంగుంది గౌరీ. దాన్ని ఎవులూ లేపలేదు."

గౌరీశ్వరి ఆమె ఒళ్ళోని అటుకులు కింద పడకుండా కొంగు మడిచి పెట్టింది. తరవాత వెనక్కి తిరిగి, మొసలి పొడుగు గురించి దెబ్బలాడుకుంటున్న మగవాళ్ళను గొంతు తగ్గించమని చేత్తో సైగ చేసింది.